గోడవైపు తిరిగి కాఫీ

అక్షరదోషాలుంటే మన్నించండి. డెబ్బై దాటాక దిద్దుకున్న అక్షరాలు నావి. ఈ నాలుగు కాగితాలు నింపడానికి చలికాలమంతా పట్టింది. పేర్లు మార్చాను.

"ఇది బండి కాదు వదినా, బడిపంతులు!"

లెయార్కో హెల్మెట్ తీసి ట్రాకు పక్కనున్న బల్లమీద పెట్టాడు. డెబ్బై ఒక్కేళ్ళ మొహం చెమటతో తడిసిపోయింది. అతని వెనక కొత్త సూపర్‌బైక్ చిటపటమంటూ చల్లారుతోంది.

"మలుపులో కాస్త గట్టిగా తిప్పానో లేదో, నువ్వుండు తాతా నేను చూసుకుంటానంటుంది."

"అనదు, చూసుకుంటుంది," అంది జినేవ్రా లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే. బండ్ల కంపెనీలో ఎలక్ట్రానిక్స్ చూసే పిల్ల. "ఎంత వాలిందో, వెనక చక్రం ఎంత జారిందో సెకనుకు వందసార్లు లెక్క చూస్తుంది. రెండువందల గుర్రాల ఇంజను మరి. నీ పాతదానికి నూట పది. దాన్ని చూసుకోవడానికి ఎవరున్నారు?"

"నేను లేనూ?"

డోరినా నవ్వి, ఫ్లాస్కు మూత తిప్పింది.

కొత్త బండినీ ముప్పై ఏళ్ళనాటి బండినీ పక్కపక్కన పెట్టి కంపెనీవాళ్ళు ఒక పుస్తకం వేస్తున్నారు. ఆ రోజుల్లో పాతదాన్ని పరీక్షించి, రిటైరైనప్పుడు దాన్నే బహుమతిగా అందుకున్న లెయార్కోని పిలిచారు. డోరినా వదిన వస్తేనే వస్తానని అతను పట్టుబట్టాడు. ఆమె భర్త ఎర్మెస్ ఆ బండికి మెకానిక్. పోయి ఆరేళ్ళయింది.

రెండు బండ్లూ ఎండలో నిలబడి ఉన్నాయి. కొత్తదానికి నాలుగు సిలిండర్లు, అల్యూమినియం ఫ్రేము. ఇంజనే సగం బరువు మోస్తుంది కాబట్టి ఫ్రేము ఉందా లేదా అన్నట్టుంటుంది. పాతది ఎముకలు దాచుకోదు. ఉక్కు గొట్టాలు నిచ్చెనలా అతికించి ఉంటాయి. స్టార్టు చేస్తే నూనె తగలని పొడి క్లచ్చి చెంచాల బుట్ట దొర్లినట్టు గలగలమంటుంది. ఆ చప్పుడు వింటే డోరినాకి ఇప్పటికీ భర్త భోజనానికి వస్తున్నాడేమో అనిపిస్తుంది.

"పొద్దున పాతదానిమీద నీకు పట్టిన సమయం పుస్తకంలో రాయమంటావా?" జినేవ్రా మెల్లగా అడిగింది.

లెయార్కో పక్కన పడేసి ఉన్న టైరుమీద కూలబడ్డాడు. పొద్దున అతను పెద్ద మలుపు దగ్గర ప్రతిసారీ తటపటాయించాడు. అందరూ చూశారు.

"ముందు చక్రాన్ని మోసే ఫోర్కు కుంగిపోతోంది. ఎర్మెస్ ఉంటే ఒక్క స్క్రూ తిప్పేవాడు, రెండు సెకన్లు తగ్గేవి. నిజం చెప్పనా వదినా? ఇన్నేళ్ళూ బండి నేను నడిపాననుకున్నారు జనం. నడిపింది వాడి స్క్రూడ్రైవరు. వాడితోనే నా పనీ అయిపోయింది. ఒసే పిల్లా, మ్యూజియంవాళ్ళు అడుగుతున్నారుగా, బండి తీసుకుపొమ్మను. ఈ తోలుసూటు కూడా ఇచ్చేస్తా. ఇంక ఎక్కను."

అతని గొంతులో తమాషా లేదు. డోరినా ఒక నిమిషం ఆలోచించి, సంచిలోంచి నల్ల అట్ట నోటుబుక్కు తీసింది.

లెయార్కో లేచి నిలబడ్డాడు. బండి సర్దిన ప్రతిసారీ ఎర్మెస్ ఏదో రాసుకుని జేబులో దాచుకున్న నోటుబుక్కు అది. లోపల ఏముందో ఎవరికీ చూపించలేదు.

"అన్నీ ఇందులోనే ఉన్నాయన్నమాట! ఇలా తే, జినేవ్రా చదువుతుంది."

డోరినా నోటుబుక్కు వెనక్కి లాక్కుంది. "నేనే చదువుతా."

"నువ్వా? పొట్లం మీద పేరు చదవలేక ఉప్పనుకుని పంచదార పోసి మాకు పాస్తా పెట్టినదానివి!"

"తిన్నావుగా! ఆయన పోయాక వయోజనుల బడిలో చేరాను. నా అంతట నేను చదివిన మొదటి పుస్తకం ఇదే."

ఒక పుట తెరిచి వేలు ఆనించింది. "ముం...దు. రెం...డు టిక్కులు." ఆగింది. నుదురు ముడిపడింది. "వెనక... అర... చుట్టు."

"తొందరేం లేదు మామ్మా," అంది జినేవ్రా.

"అర చుట్టు!" లెయార్కో తొడ చరిచాడు. "నేననుకుంటూనే ఉన్నా!"

డోరినా సంచిలోంచి భర్త స్క్రూడ్రైవరు తీసింది. "ఆయన నియమం గుర్తుందా?"

"లేకేం! గోడవైపు తిరిగి కాఫీ తాగాలి. చూస్తే శకునం చెడుతుందనేవాడు."

అతను బుద్ధిగా కప్పు పట్టుకుని గోడవైపు తిరిగాడు. వెనక ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడైంది. మోకాళ్ళు పట్టుకుని డోరినా లేచింది. "ఇంక వెళ్ళు."

క్లచ్చి గలగలమంది. డోరినా ట్రాకు పక్కన నిలబడి కళ్ళు మూసుకుంది. అప్పట్లో ఇక్కడే, ఒక చేతిలో గడియారం, ఇంకో చేతిలో సగం తిన్న పియాదీనా రొట్టెతో ఎర్మెస్ నిలబడేవాడు. లెయార్కో దూసుకుపోయినప్పుడల్లా ఆమెవైపు చూసి మీసాల్లో నవ్వేవాడు. ఆ నవ్వు అర్థం కావడానికి ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది.

పెద్ద మలుపులో ఇంజను గొంతు ఈసారి తడబడలేదు.

"మూడు సెకన్లు!" జినేవ్రా అరిచింది. "మామ్మా, మూడు సెకన్లు తగ్గాయి!"

లెయార్కో తిరిగొచ్చి బండి దిగకుండానే పెట్రోలు ట్యాంకు మీద వాలిపోయాడు. తల ఎత్తేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. "ఎర్మెస్, దొంగవెధవా! చచ్చి కూడా నడిపిస్తున్నావురా నన్ను! మ్యూజియంవాళ్ళని ఇంకో పదేళ్ళు ఆగమను పిల్లా!" అంటూ అవతల షెడ్డులో వాళ్ళకి చెప్పడానికి వెళ్ళాడు.

జినేవ్రా చెయ్యి చాచింది. "మామ్మా, ఒక్కసారి ఆ నోటుబుక్కు ఇవ్వవూ? ఆ కొలతలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తా. మా కొత్త బండికీ పనికొస్తాయి."

లెయార్కో దూరం వెళ్ళేదాకా చూసి డోరినా ఇచ్చింది. జినేవ్రా ఒక పుట తిప్పింది. తేదీ, వాతావరణం, టైరు, లెయార్కో తిట్టిన తిట్టు, ఆ తర్వాత ఎన్ని సెకన్లు తగ్గాయో. ఇంకో పుట తిప్పింది. టిక్కుల కోసం, చుట్ల కోసం వెతుకుతూ గబగబా చివరిదాకా తిప్పి తల ఎత్తింది. డోరినా పెదవులమీద వేలు పెట్టుకుంది.

ప్రతి పుట అడుగునా ఎర్మెస్ చేతిరాతలో ఒకే మాట ఉంది: "ఏమీ ముట్టుకోలేదు."

— ఇవోన్నె జనేల్లి, డెబ్బై ఎనిమిదేళ్ళు, ప్రస్తుతం ఫాయెంజాలో