పైపులైను పక్కన శుక్రవారాలు

అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను, రాయడం నాకు నిదానం. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. ఈ ఒక్క పేజీకి తొమ్మిది రోజులు పట్టింది. తప్పులుంటే మన్నించి, కథ మాత్రం చివరిదాకా చదవండి.

శుక్రవారం పొద్దున్నే దయారత్నం సైకిలు బయటికి తీశాడు.

అబుదాబిలో రువైస్ అవతల, ఎడారిలో పైపులైను వేసేవాళ్ల క్యాంపు అది. ఎనభై రెండో సంవత్సరం. వారానికి సెలవు ఆ ఒక్క రోజే. గదిలో మిగతావాళ్లు బట్టలు ఉతుక్కుంటున్నారు. అతను తలకు తడి తువ్వాలు చుట్టుకుని, రెండు నారింజపళ్లు జేబులో వేసుకున్నాడు.

"యాడికిబ్బా, ఇంత సెంటు పూసుకోని?" అన్నాడు కడప పీరా, బకెట్ దగ్గర్నుంచి.

"ఊరికే. కాళ్లు సాగుతాయని."

"వారమంతా పార పట్టినా సాగల్యా? ఆ క్లినిక్కు కాడికి పోతేనే సాగుతాయా?"

అందరూ నవ్వారు. దయారత్నం నవ్వలేదు. వేలికున్న పెళ్లి ఉంగరం మీద వాళ్ల చూపు పడకుండా పిడికిలి ముడుచుకుని బయటపడ్డాడు.

కంపెనీ క్లినిక్కు అక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు. రోడ్డు లేదు. పైపు పక్కన ఇసుకను రోలరుతో తొక్కించిన బాట ఒక్కటే. ఒక వైపు పైపు, ఇంకో వైపు ఏమీ లేదు. ఎండ ఎక్కేకొద్దీ పైపు టిక్కు టిక్కుమనేది. ఇసుక మెత్తబడ్డ చోట దిగి నెట్టాలి. ఒంటెలు దాటడానికి పైపు మీద అక్కడక్కడ మట్టి పోసి దిబ్బలు కట్టారు. దూరంగా దుమ్ము లేచిందంటే సైకిలును దిబ్బ చాటున పడుకోబెట్టి, తనూ పక్కన బోర్లా పడుకునేవాడు. ముప్పై రెండేళ్ల మగాడు, ఇసుకలో మొహం దాచుకుని. బండి వెళ్లిపోయాక లేచి ఎంత దులుపుకున్నా, ఒంటికి ఇంకా ఏదో అంటుకునే ఉన్నట్టుండేది.

ఇదంతా ఆ క్లినిక్కులో ఊడ్చే ఆయా కోసం. మొగుళ్లు లేని ఆడవాళ్లనే అక్కడ ఆయాలుగా తీసుకున్నారు. ఆమె కూడా ఆ వీసా మీదే వచ్చింది. ఆయా పక్కన మగవాడు కనిపించాడని అక్కడివాళ్లు ముదీర్ అనే మేనేజరు చెవిన పడితే ఇద్దరికీ మర్నాడే విమానం. పని ఖలాస్.

ఆమె రెండు కప్పుల టీతో నీళ్ల ట్యాంకు వెనక నిలబడి ఉంది.

"ఎవరన్నా చూశారా?"

"లేదు."

"మొహం ఎలా కమిలిపోయిందో చూసుకున్నారా? ఇంక రాకండి."

"పోయిన వారమూ అదే అన్నావు."

"వచ్చే వారమూ అంటాను. ముందు టీ తాగండి."

అతను కప్పు అందుకున్నాడో లేదో, ట్యాంకు మలుపులో హయాత్ బాషా ప్రత్యక్షమయ్యాడు.

బాషా నెల్లూరు మనిషి, నీళ్ల ట్యాంకరు డ్రైవరు, దయారత్నం గదిలో అందరికంటే పెద్దవాడు. దయారత్నానికి జ్వరం వస్తే పక్కన కూర్చుని గంజి తాగించినవాడు. మామూలుగా వచ్చే డ్రైవరు రాక, ఆ రోజు క్లినిక్కుకు నీళ్లు తనే తెచ్చాడు. చేతిలో గొట్టం పట్టుకుని ఇద్దర్నీ చూశాడు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని లోపలికి పరుగెత్తింది.

తిరుగు దారిలో, సగం దూరంలో, ట్యాంకరు బాటకు అడ్డంగా నిలిపి ఉంది.

"సిగ్గు లేదంటయా రత్నం, నీకు? ఇంటికాడ నీ పెళ్లాం నీ పేరు చెప్పుకోని బతకతా ఉంటే, నువ్వు ఈడ మొగుడు పోయినదాని కొంగు పట్టుకోని తిరగతుండావా?"

దయారత్నం తల దించుకున్నాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

"మాట్లాడవేందయా?"

"తప్పే, భాయ్."

"ముదీర్‌కి చెప్పన్లే. నువ్వు నా తమ్ముడి లెక్క. కానీ తౌబా చెయ్యి. ఇంక దాని మొహం చూడనని నీ పెళ్లాం మీద ఒట్టు పెట్టు."

దయారత్నం ఉలిక్కిపడ్డాడు. ఒట్లు పెట్టుకోకూడదని పాస్టరు గారు చెప్పేవారు. తప్పితే ఎవరి మీద పెట్టారో వాళ్ల ప్రాణం పోతుందని వాళ్లమ్మ చెప్పేది. పాస్టరు గారి మాటకంటే అమ్మ మాటే అతనిలో లోతుగా దిగింది.

"దాని మీద వద్దు భాయ్. నా మీద పెట్టుకుంటాను."

"నీ మీద నువ్వు ఎన్నయినా పెట్టుకుంటావు. ఆమె మీద పెట్టు. లేకుంటే యల్లా, పద, నేరుగా ముదీర్ కాడికే."

చివరికి దయారత్నం బాషా అరచేతిలో చెయ్యి వేశాడు. "నా పెళ్లాం మీద ఒట్టు. ఇంక ఆ ఆయా మొహం చూడను."

బాషా అతన్ని దగ్గరికి తీసుకుని వీపు నిమిరాడు. సైకిలును తనే ఎత్తి ట్యాంకరు మీద పెట్టాడు.

దయారత్నం మాట తప్పలేదు. సైకిలు పీరాకు ఇచ్చేశాడు. కాంట్రాక్టు అయ్యేదాకా పదకొండు నెలలు, శుక్రవారం వస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్కడ ట్యాంకు వెనక టీ చల్లారిపోతూ ఉంటుందని తెలుసు. కబురు పంపడానికి నమ్మకమైన మనిషి లేడు. ఉత్తరం రాద్దామంటే ఆమెకు అక్షరం ముక్క రాదు, వేరేవాళ్ల చేత చదివిస్తే గుట్టు బయటపడుతుంది.

"పెళ్లామంటే ఎంత ప్రాణమో చూడండి వీడికి," అని బాషా గదిలో అందరికీ గొప్పగా చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా దయారత్నం దుప్పటి మొహం మీదికి లాక్కునేవాడు.

ఆ ఆయా అతని పెళ్లామే, మొగుడు చచ్చిపోయాడని ఏజెంటు రాయించిన కాగితం కింద వీసా కోసం వేలిముద్ర వేసి వెళ్లిన నేనే: పరిమళ, డెబ్బై ఏళ్లు, ఇప్పుడు ఉండేది మలికిపురం.