చెంచాడు నీళ్లు

వాటర్ పార్కులోకి వెళ్లేటప్పుడు ఎంత బరువున్నారో, బయటికొచ్చేటప్పుడూ అంతే తూగాలి. చుక్క నీరు గేటు దాటడానికి వీల్లేదు.

ప్రసూన పిల్లలిద్దరితో కాటా ఎక్కింది. గేటు తెరుచుకోలేదు.

"చెంచాడు ఎక్కువొస్తోందమ్మా. పిల్లల జుట్టు పిండు," అన్నాడు గార్డు.

అప్పటికే రెండుసార్లు పిండింది. చున్నీతో చెవులు కూడా తుడిచింది. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"పసిపిల్లలయ్యా! జారుడుబల్ల మీద ఒక గుక్క మింగరా?"

"మింగితే నోట్లో వేలు పెట్టి కక్కించు."

ఆ మాటకి నాలుగేళ్ల చిన్నది బిక్కచచ్చిపోయి ఏడుపు లంకించుకుంది.

"ఏడవనీ, ఆపకు. అదీ లెక్కలోకే వస్తుంది," అంటూ వాడు నవ్వి, దాని గడ్డం కింద గరాటు పట్టాడు.

ప్రసూన ఆ గరాటుని పక్కకి తోసేసి, వాడి మొహాన తుపుక్కున ఉమ్మింది.

గేటు తెరుచుకుంది. "మా నీళ్లు మాకు ఇచ్చినందుకు ధన్యవాదాలు. మళ్లీ రండి," అంది గేటు తీయటి గొంతుతో.

ప్రసూన పిల్లల్ని లాక్కుని బయటపడి, వాడు తిడతాడేమోనని వెనక్కి తిరిగి చూసింది. వాడు గరాటు మీదికి వంగి, బుగ్గ మీది ఉమ్మిని వేలితో జాగ్రత్తగా అందులోకి దింపుకుంటున్నాడు. డ్యూటీ దిగాక వాడూ ఆ కాటా ఎక్కాల్సిందే.