చెంబెడు నీళ్లు

పదిరోజుల బిడ్డ తన ఒళ్లోనే చచ్చిపోతాడేమోనన్నదే మునిలక్ష్మి భయం. పొద్దుట్నుంచి ఏడ్చి ఏడ్చి వాడి గొంతు పోయింది.

వెచ్చటి తమలపాకుకు ఆముదం రాసి పొట్టమీద వేసింది. వస అరగదీసి నాకించింది. ఏడుపు ఆగలేదు.

బాలింతకు స్నానం చేయించడానికి వచ్చిన మంత్రసాని అక్కమ్మ, బిడ్డకన్నా ముందు తల్లి పెదవులు చూసింది. అవి ఎండి పగిలి ఉన్నాయి.

"నీళ్లు తాగి ఎన్నాళ్లయిందే?"

"బాలింతకు నీళ్లు పడవంట గదా పెద్దమ్మా. అత్త పూటకో గుటక ఇస్తాది."

"నీకే తడి లేకుంటే పాలు యాడినించి వస్తాయే పిచ్చిదానా? వాడిది ఆకలి!" అంటూ అక్కమ్మ జీలకర్ర కాచిన నీళ్లు చెంబెడు అందించింది.

మునిలక్ష్మి చెంబు అందుకుని వాకిలి వైపు చూసింది. "అత్త సూస్తే?"

"సూడనీ. మీ అత్తకు పురుడు పోసింది గూడా నేనే. ఆ పొద్దు ఆమె గూడా నా చేతి నీళ్లే దొంగతనంగా తాగింది."

మునిలక్ష్మి గటగటా తాగేసింది.

మీ ఇంట్లో బాలింత ఉంటే, నీళ్లు తాగిందో లేదో ఒక్కసారి వెళ్లి అడగండి.