గోడవతలి పేలు

“వీటినెవరైనా తిరుపతి తీసుకెళ్ళొచ్చారా ఏంటి?”

పెరట్లో గొంతుక్కూర్చుని తల పట్టుకున్నాడు గోపాలరావు. ముందు మూడు నాటుకోడి పెట్టలు. మూడింటికీ నడుం మీద ఈకల్లేవు. ఎర్రటి చర్మం బయటపడి, చూస్తేనే జాలేస్తోంది.

గోపాలరావు తుర్కపల్లిలో ఓ మందుల కంపెనీలో క్వాలిటీ ఆఫీసరు. మందుబిళ్ళ మీద సన్నగీత పడ్డా పట్టేసే మనిషి. అలాంటివాడికి సొంత పెరట్లో ఏం జరుగుతోందో అంతుపట్టకపోవడమా! ఆ రోజే ఆఫీసు కంప్యూటర్లోంచి ఇరవై పేజీలు ప్రింటు తీసి, కంపెనీ క్యాబ్ కొంపల్లిలో ఇంటికి చేరేలోపు చదివి పారేశాడు.

“కోడిపేలు!” అన్నాడు, గుమ్మంలో బూట్లు విప్పుతూనే. “ఈకల మొదట్లో చేరి రక్తం పీల్చేస్తున్నాయి.”

“మీరు చూశారా?” అంది భార్య పద్మజ.

“కంటికి ఆనేంత ఉండవే బాబూ. అందుకే కదా ప్రమాదం!”

ఇక మొదలైంది వైద్యం. చేతులకు గ్లవ్సు, మూతికి మాస్కు. పెట్టలకు వేపనూనె పట్టించాడు, బూడిదలో పొర్లించాడు, గూటికి సున్నం కొట్టించాడు. పాపం పెట్టలు కుయ్యో మొర్రోమంటుంటే, పుంజు మాత్రం దర్జాగా మెడ నిక్కించి కూసేది. అది సొంతూరు భీమవరం నుంచి బుట్టలో పెట్టి, రైల్లో ఒళ్ళో కూర్చోబెట్టుకు తెచ్చుకున్న డేగ పుంజు. దాని ఒంటి మీద ఒక్క ఈక చెదరలేదు. “చూశావా, జాతంటే అదీ! మన గోదావరి జిల్లా రక్తం. పేలు దాని జోలికి వస్తాయా?” అని మురిసిపోయేవాడు.

వారం గడిచినా పెట్టలకు ఈకలు మొలవలేదు. చదువుకున్నవాడి వైద్యం తప్పుతుందా? తప్పదు. కాబట్టి తప్పు ఇంకెవరిదో అయ్యుండాలి. గోపాలరావు చూపు గోడవతలికి పోయింది.

గోడవతల సాలమ్మ గుడిసె. వీళ్ళింట్లోనే అంట్లు తోముతుంది. ఆమెకు పన్నెండు పెట్టలున్నాయి. వాటి గుడ్లు కాలనీలో అమ్ముకుంటేనే ఇంట్లోకి ఉప్పూ పప్పూ.

“సాలమ్మా, ఈ పేలన్నీ నీ కోళ్ళ నుంచే వస్తున్నాయి. ఆదివారంలోగా వాటిని వదిలించుకో.”

సాలమ్మ చేతిలో గిన్నె జారిపోయింది. “నా కోళ్ళకేమైంది సారూ? నిగనిగ మెరుస్తున్నయి గద! ఒక్క ఈక రాలలే.”

“అదే మరి! రోగం వాటి ఒంట్లో ఉంటుంది, పైకి కనబడదు. పక్కవాటికి అంటిస్తాయి.”

“అయ్యో, గుడ్లు లేకుంటె నేనేం తినాలె సారూ?”

“నీకు కోళ్ళు కావాలో, మా ఇంట్లో పని కావాలో తేల్చుకో.”

“ఏమండీ, పాపం...” అనబోయింది పద్మజ. ఆయన ప్రింటు కాగితాలు ఊపాడు. అంత ఇంగ్లీషు ముందు ఎవరు నోరెత్తుతారు? సాలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ కోళ్ళను శామీర్‌పేటలో తమ్ముడు గౌరయ్య ఇంటికి చేర్చింది. గోపాలరావు ఆ సాయంత్రమే గోడ పొడవునా నిలువెత్తు వల కట్టించి, హమ్మయ్య అని చేతులు దులుపుకున్నాడు.

పదిహేను రోజులు తిరిగేసరికి నడుములే కాదు, మెడలు కూడా బోడి అయిపోయాయి. గుడ్లు ఆగిపోయాయి. ఒక పెట్టయితే వీపు చీరుకుపోయి, మేత ముట్టకుండా మూల చేరింది. గోపాలరావుకి ఏడుపొక్కటే తక్కువ. మేడ్చల్ నుంచి పశువుల డాక్టరు సిద్దయ్యను పిలిపించాడు.

సిద్దయ్య మూడు పెట్టల్నీ ఒక్కొక్కటిగా ఒళ్ళో పెట్టుకుని, రెక్కల కిందా తోక కిందా ఈకలు విడదీసి చూశాడు. చివర్న గూటి మీదున్న డేగ పుంజును చూసి కిసుక్కున నవ్వాడు.

“పేలు లేవు, ఏం లేవు సార్. గంత బలిసిన పుంజుకు మూడే పెట్టలా? దానికి తక్కువల తక్కువ పదన్నా ఉండాలె. పొద్దంతా గీ మూడింటి వీపులే ఎక్కి తొక్కుతాంది. ఈకలెట్ల మిగుల్తయి?”

“మా డేగా?” గోపాలరావు పుంజునీ పెట్టల్నీ మార్చి మార్చి చూశాడు.

“ఇంకెవలు సార్? ఇన్ని దినాలు గివి ఎట్ల తట్టుకున్నయో నాకైతె సమజైతలేదు!”

అంట్ల దగ్గర్నుంచి లేచొచ్చి, కొంగు నోటికడ్డం పెట్టుకుని సాలమ్మ అందుకుంది. “మొన్నటిదాంక పొద్దుగాల్నే గోడ దుంకి మా దిక్కు వస్తుండె డాక్టర్ సాబ్. సగం దినం మా పన్నెండింటితోని తిరిగి, ఆ తర్వాతనే ఇల్లు చేరి గీ మూడింటి మీద పడుతుండె. సారు వల కట్టించినంక ఇగ యాడికి పోతది?”

పద్మజ గిరుక్కున అటు తిరిగింది. భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

గోపాలరావు గొంతు సవరించుకున్నాడు. “సరేలే, అయిందేదో అయింది. వల విప్పించేస్తాను. నీ కోళ్ళను రేపే తెచ్చుకో సాలమ్మా!” అన్నాడు, పెద్ద వరమిచ్చినట్టు.

“నా కోళ్ళు రావు సారూ, ఆడ చెర్వు గట్టుకు మస్తుగ అలవాటైనయి,” అంది సాలమ్మ తాపీగా. “గావాల్నంటె మీ భీమవరం పుంజునే శామీర్‌పేటకు ఇల్లరికం పంపుండ్రి.”