నాలుగో గది కుళాయి

మనుషుల్ని పసిగట్టడంలో నన్ను మించినవాడు ఈ సముద్రతీరం పొడుగునా లేడు. మెట్లెక్కే చెప్పుల చప్పుడు వింటే చాలు, వచ్చినవాడు పెళ్ళాన్ని వెంటబెట్టుకొచ్చాడో, పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడో చెప్పేస్తాను. ఇంతవరకూ ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

అందుకే నాలుగో గదిలో దిగినవాడిని మొదటి పూటే అనుమానించాను.

మా అక్కయ్యది ఒడ్డునే ఉన్న పాత లాడ్జి. బావ పోయాక ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. ఉప్పుగాలికి ఇనుమన్నది నిలవదు కదా. ఇవాళ తలుపు బందు ఊడితే రేపు కిటికీ గొళ్ళెం. మేస్త్రీ కోసం ఎదురుచూసే అలవాటు ఆమెకి లేదు. నడుం బిగించి, రెంచీ చేతబట్టి తనే వెళ్తుంది.

పక్కనున్న పెద్ద హోటలువాళ్ళకి ఆ జాగా మీద కన్ను. ఈతకొలను కట్టుకోవాలట. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని! అక్కయ్య అమ్మనంది. కానీ సీజను ముందు మునిసిపాలిటీ అధికారి తనిఖీకి వస్తాడు. కట్టడం పనికిరాదని ఆయన ఒక్కమాట అన్నాడంటే లాడ్జికి తాళమే. ఆ తర్వాత హోటలువాళ్ళు ఆడింది ఆట.

సరిగ్గా ఆ తనిఖీ ముందు ఊడిపడ్డాడు వీడు.

సముద్రం ఊళ్ళలో మాకో కొలబద్ద ఉంది. పెట్టె కింద పెట్టకముందే కిటికీ తెరిచి "అబ్బ!" అన్నవాడు అతిథి. కిటికీ మానేసి గోడల వంక చూసేవాడు లాడ్జి కాజేయడానికొచ్చినవాడు.

వీడు మొదట సముద్రం కనిపించే గదే కావాలన్నాడు. అక్కయ్య తాళంచెవి తీసుకుని రాగానే మాట మార్చాడు.

"వంటింటి వైపు గది ఏమైనా ఉందాండీ? నాకు అలల చప్పుడు పడదు."

అలలు పడనివాడు ఈ ఊరు ఎందుకొచ్చినట్టు? అయినా మనిషి బాగుంటాడు లెండి. నిటారైన విగ్రహం, మంచి మీసం. ఉన్నమాట చెప్పుకోవాలి.

మర్నాడు వాడి గదిలో కుళాయి కారింది. అక్కయ్య వెళ్ళి బిగించి వచ్చింది. ఆ మర్నాడు తలుపు బందు ఊడింది. తర్వాత కిటికీ గొళ్ళెం. తర్వాత మళ్ళీ కుళాయి. మిగతా గదులన్నీ నిక్షేపంలా ఉన్నాయి.

"అక్కయ్యా, ఉప్పుగాలి ఒక్క నాలుగో గదిలోకే వీస్తోందా?" అన్నాను.

"నీకన్నీ అనుమానాలేరా. నేను బిగిస్తుంటే టార్చిలైటు పట్టుకుంటాడు కూడానూ, పాపం."

"పట్టుకోడూ మరి! రేపు ఎక్కడ విప్పాలో చూసుకోవద్దూ?"

అక్కయ్య నవ్వేసింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆ పూటే వాడు పెద్ద హోటలు గేటు దగ్గర కాపలావాడితో గుసగుసలాడి, చొక్కా కింద ఏదో దాచుకుని రావడం ఇద్దరం కళ్ళారా చూశాం.

తెల్లారితే తనిఖీ. మిట్టమధ్యాహ్నం, చుట్టుపక్కలంతా కునుకు తీస్తున్న వేళ, అక్కయ్యతో కలిసి పిల్లిలా వెళ్ళి నాలుగో గది తలుపు తోశాను. గడియ స్క్రూలు అప్పటికే ఊడి ఉన్నాయేమో, బార్లా తెరుచుకుంది.

కుళాయి కింద గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో హోటలువాళ్ళ రెంచీ. మమ్మల్ని చూసి గాభరాగా లేచాడు. జేబులోంచి స్క్రూలు గలగలా రాలాయి.

"దొరికావురా దొంగా!" అని అరిచాను.

అక్కయ్య నన్ను పక్కకి తోసింది.

"ఎవరు పంపారు మిమ్మల్ని? ఈ లాడ్జి పోతే నాకు తల దాచుకోను చోటు లేదు, తెలుసా?"

వాడు రెంచీ కింద పెట్టేశాడు.

"అయ్యయ్యో, ఎవరూ పంపలేదండీ. తనిఖీ సంగతి నాకు తెలీనే తెలీదు. అన్నీ సరిగ్గా ఉంటే... మీరు ఈ గదివైపు రారు కదండీ."

అక్కయ్య వంగి, రాలిన స్క్రూలు ఒక్కొక్కటే ఏరింది.

"పిలిస్తే రాననుకున్నారా?" అంది అక్కయ్య చివరికి. "దానికి ఇల్లంతా విప్పాలా?"

నా గురి తప్పదని కోతలు కోశానే, అదిగో, అక్కడ తప్పింది. అలా ఇలా కాదు, నిలువునా తప్పింది.

సాయంత్రమంతా వాళ్ళిద్దరూ కలిసి విప్పినవన్నీ బిగించారు. మర్నాడు అధికారి వచ్చి కుళాయిలు తిప్పాడు, గొళ్ళేలు లాగాడు. నాలుగో గది కిటికీ తెరవడానికి ఆయన బలం చాలక బంట్రోతు కూడా ఓ చెయ్యి వెయ్యాల్సి వచ్చింది. ఇంత బిగువైన లాడ్జి ఈ తీరంలోనే లేదని చెప్పి వెళ్ళాడు. హోటలువాళ్ళు ఈతకొలను డాబా మీద కట్టుకున్నారు. నాలుగో గదివాడు మాత్రం ఇప్పటిదాకా గది ఖాళీ చెయ్యలేదు.

అన్నీ జరిగినవే, ఇందులో నేను కల్పించిందల్లా ఒక్కటి: నేను ఆవిడ తమ్ముణ్ణి కాను, నాలుగో గదివాణ్ణి.