ఎదుటివాడి కుర్చీ

“మీ ఓడలు నా జలసంధిలోకి వస్తే నేను చూస్తూ ఊరుకోవాలా?” అన్నాడు అధ్యక్షుడు, చెవి తమ్మె నిమురుకుంటూ.

బల్లకు అటు చివర ప్రధాని కూర్చున్నాడు. పక్కనున్న నౌకాదళాధిపతి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎన్నిసార్లు చూసినా ఆయనకు ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకంటే ఆ కుర్చీలో ఉన్నది పొరుగుదేశపు అధ్యక్షుడు కాదు, తమ విదేశాంగ శాఖలోని అధికారి.

యుద్ధమో సంధో తేల్చుకోవలసి వచ్చినప్పుడు ఆ గదిలో ఎదుటివాడికీ ఒక కుర్చీ వేస్తారు. అందులో కూర్చున్నవాడు అచ్చం ఎదుటివాడిలాగే ఆలోచించి జవాబు చెప్పాలి. ఈ అధికారి ఉద్యోగమంతా ఆ అధ్యక్షుడి ప్రసంగాలు వినడంతోనే గడిచింది. ఆ కోపం, ఆ మొండితనం, చివరికి ఆ చెవి నిమురుకోవడం కూడా ఒంటబట్టాయి. క్యాంటీన్‌లో టీ ఇచ్చేవాడు సైతం “అధ్యక్షా, చక్కెర తక్కువేగా?” అంటాడు.

ఇంట్లో భార్య కూడా అలాగే ఆటపట్టించేది. ఈ పొద్దున మాత్రం ఆమె ముఖంలో నవ్వు లేదు.

“ఏమండీ, కాలుస్తానని చెప్పండి,” అంది చొక్కా అందిస్తూ. “ముందు వెళ్ళే ఓడలో ఉన్నది మన పిల్లాడు.”

“నాకు తెలీదా?”

“తెలిస్తే చెప్పండి మరి. మీరు కాలుస్తానంటే ఇక్కణ్ణుంచి ఓడలే కదలవు. అబద్ధమని ఎవరు కనిపెడతారు?”

ఎవరూ కనిపెట్టరు. అదే ఆయన్ని దారి పొడవునా పీక్కుతింది.

ఇప్పుడు ప్రధాని ముందుకు వంగాడు. “ఆ జలసంధి మాది కూడా. మా ఓడలు ఆగవు. ఏం చేస్తారు?”

అధికారి కళ్ళు మూసుకున్నాడు. తెల్లటి యూనిఫాంలో కొడుకు ముఖం మెదిలింది. బలవంతంగా దాన్ని పక్కకు నెట్టి, అధ్యక్షుడి బుర్రలోకి దూరాడు. ఆ మనిషికి అరవడం ఇష్టం, శవాలంటే భయం. పాత యుద్ధంలో సొంత తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. అవతలివాళ్ళు వెనక్కి తగ్గరని తెలిస్తే తనే తగ్గుతాడు.

“నోటికొచ్చినట్టు తిడతాను,” అన్నాడు చివరికి. “కానీ దగ్గరికొచ్చేసరికి నా ఓడల్ని తప్పించేస్తాను.”

“ఖాయమేనా?”

“ఖాయం సార్.”

నౌకాదళాధిపతి కళ్ళజోడు పెట్టుకుని ఆయన వైపు తిరిగాడు. “మీ అబ్బాయి అందులో ఉన్నాడని తెలుసు. కాలుస్తానంటారనే అనుకున్నాను. అలా అంటే నమ్మకూడదని కూడా అనుకుని వచ్చాను. నన్ను క్షమించండి.”

“కన్నకొడుకును ఆ ఓడలో పెట్టుకుని చెప్పిన మాట. ఇంతకంటే ఏం కావాలి?” అన్నాడు ప్రధాని. “ఓడల్ని పంపండి. ఎదురొస్తే దారి ఇవ్వద్దు, కాల్చడానికి సిద్ధంగా ఉండండి. ఎలాగూ వాళ్ళే తప్పుకుంటారు.”

వరండాలోకి వచ్చి అధికారి ఇంటికి ఫోన్ చేశాడు.

“ఏం చెప్పారు?” అంది భార్య.

“నిజమే చెప్పాను.”

అవతల వెక్కిళ్ళు వినిపించాయి.

“ఏడవకు. నేనన్నది విను. ఆ మనిషి నాకు నాకంటే ఎక్కువ తెలుసు. తప్పుకుంటాడు. మన పిల్లాడికి ఏమీ కాదు.”

“ఒట్టేనా?”

“ఒట్టు.”

ఆ మాట అన్నాక ఆయన గుండెల మీద బరువు దిగిపోయింది. బిడ్డ కోసమైనా అబద్ధమాడలేదు, అబద్ధమాడకుండానే బిడ్డను కాపాడుకున్నాడు. కిటికీ పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే అవతలి దేశంలో, ఆ అధ్యక్షుడి ఎదుట అలాంటి కుర్చీలోనే ఈ ప్రధాని పాత్రలో కూర్చున్న అధికారి కూడా “తప్పుకుంటాను” అన్నాడు.