వార్డు బయటి కుర్చీ

తొమ్మిదో తరగతి పిల్లలు చేసిన కుర్చీలో ఎవరో పెద్దమనిషి గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

వర్క్‌షాపు గుమ్మంలోనే టీచర్‌కి ఒళ్ళు మండిపోయింది.

అసలే పొద్దున్నుంచి ఆవిడ నిప్పు తొక్కిన కోతిలా ఉంది. కారణం హెడ్మాస్టరు.

"వస్తువులు తయారుచేయడం కూడా ఒక పాఠమేనా అమ్మా? మార్కులొస్తాయా, ర్యాంకులొస్తాయా? ఆ గది లెక్కల ట్యూషన్‌కి ఇచ్చేస్తున్నాం," అని తేల్చేశాడాయన.

"పిల్లలు ఆసుపత్రి కోసం కుర్చీ చేశారండీ. రోగికి తోడుగా వచ్చినవాళ్ళు వార్డు బయట పడే అవస్థ చూసి..."

"లోకంలో కుర్చీలకి కరువొచ్చిందా? మీది పనికొచ్చిందని బయటివాళ్ళు ఒక్కరంటే ఒక్కరు చెప్పమనండి. మధ్యాహ్నం లోపు. లేదంటే సామాను మోసుకెళ్ళడానికి మనుషులొస్తారు."

ఆ ఒక్కరిని ఎక్కణ్ణించి తేవాలి?

వార్డు నర్సుని ఎప్పుడో అడిగింది. "ఎవరినో ఒకరిని పంపుతాలెండి," అందామె. ఆ ఎవరో ఒకరు ఇంతవరకూ పత్తా లేరు. అందరూ అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ళేనని టీచర్ ఆమెని కూడా తిట్టుకుంది.

పిల్లలు ఈ కుర్చీకి ప్రాణం పెట్టారు. వీపు చెక్క వంపు కుదరక విప్పారు, మళ్ళీ బిగించారు, మళ్ళీ విప్పారు. తల ఆనేచోట ఇంటి నుంచి తెచ్చిన పాత బొంతలు మడిచి కుట్టారు.

ఆ బొంతకే చెంప ఆనించి పడుకున్నాడు ఈయన. మాసిన గడ్డం, నలిగిన చొక్కా, పైకి మడిచిన చేతులు.

సామాను మోసే మనిషి. మధ్యాహ్నం దాకా కూడా ఆగలేకపోయారన్నమాట!

"ఏమయ్యా! లే!"

ఉలుకూ పలుకూ లేదు.

భుజం పట్టుకుని కుదిపింది.

ఆయన దిగ్గున లేచాడు. "పిలిచారా? నన్నేనా?" అంటూ తలుపు వైపు రెండడుగులు పరిగెత్తి, గుమ్మంలో గుంపుగా నిలబడ్డ పిల్లల్ని చూసి ఆగిపోయాడు.

"ఎవరు పిలుస్తారు? వచ్చీ రాగానే పడకేయడానికి ఇదేమైనా మీ అత్తారిల్లా?"

"కాదమ్మా... ఊరికే కూర్చున్నాను. ఎప్పుడు పట్టేసిందో తెలీలేదు."

"కూర్చోడానికి నేల లేదూ?"

"ఈ కుర్చీ గురించే మీకో మాట..."

"దాని ఊసు మీకెందుకు? పిల్లల కష్టం మీకు ఆటగా ఉందా?"

"అది కాదమ్మా, నన్ను..."

"ఇంకొక్క మాట మాట్లాడితే మర్యాదగా ఉండదు. బయటికి నడవండి!"

ఆయన తను నలిపిన బొంతని అరచేత్తో సరిచేశాడు. తరగతి మొత్తం నసపిట్ట అని పిలిచే అమ్మాయి గుమ్మంలో ముందు నిలబడి ఉంది. పక్కనుంచి వెళ్తూ ఆమెని అడిగాడు.

"మీరేనా చేసింది?"

"మేమేనండీ."

"చల్లగా ఉండండి తల్లీ."

"దీవెనలకేం తక్కువ లేదు!" అంది టీచర్ వెనకనుంచి.

ఆయన వెళ్ళగానే నసపిట్ట మొదలుపెట్టింది. "టీచర్, మీరే కదా చెప్పారు? వస్తువు వాడేవాళ్ళని ఊరికే అడగడం కాదు, గమనించాలి, నోరు అబద్ధం చెప్తుంది గానీ ఒళ్ళు చెప్పదని. మరి ఆయన..."

"వాడేవాడు కాదే, మోసుకుపోయేవాడు! నీ నస ఆపు."

అమ్మాయి మొహం ముడుచుకుంది. టీచర్‌కి జాలి కలగలేదు. ఆ పూట ఆవిడ దగ్గర కోపం తప్ప ఇంకేం లేదు.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే హెడ్మాస్టరు వచ్చాడు. వెనక ఇద్దరు కూలీలు.

"ఎవరైనా వచ్చి చెప్పారా?"

"వచ్చాడుగా పొద్దున్నే మీ మనిషి! హాయిగా నిద్రపోయి మరీ వెళ్ళాడు."

"నా మనిషెవరమ్మా? నేను పిలిపించింది వీళ్ళిద్దరినే. ఇప్పుడే వచ్చారు."

"అయితే ఎవరో దారినపోయే దానయ్య అయ్యుంటాడు. మీ స్కూల్లోకి ఎవరైనా రావచ్చుగా!"

హెడ్మాస్టరు ఆ మాట వినిపించుకోలేదు. కూలీలకి చెయ్యి ఊపాడు.

రంపాలు వెళ్ళాయి. బల్లలు వెళ్ళాయి. టీచర్ తలుపుకి అడ్డంగా నిలబడి అరిచింది. ఇది అన్యాయమంది. చేతులతో ఆలోచించడం నేర్పే గది ఇదొక్కటేనంది. చివరికి కుర్చీని తలకిందులుగా ఎత్తుకుపోయారు.

"కనీసం ఒక్కరైనా బాగుందని చెప్పలేదు కదమ్మా," అన్నాడు హెడ్మాస్టరు, తన తప్పేం లేదన్నట్టు.

అంతలో ఫోన్ మోగింది. వార్డు నర్సు.

"ఇప్పుడా మీకు తీరిక?" అని విరుచుకుపడింది టీచర్.

"అదేంటండీ, పొద్దున్నే పంపానుగా! ముందుగా ఫోన్ చేద్దామంటే మీరే వద్దన్నారు. చెప్పాపెట్టకుండా వస్తేనే అసలు సంగతి తెలుస్తుందని."

టీచర్ తలుపు పట్టుకుంది.

"ఎవరిని పంపారు?"

"మా వార్డులో పాప వాళ్ళ నాన్నని. మళ్ళీ వచ్చి మా ఇనప బెంచీ మీదే కూర్చున్నారు. కుర్చీ ఎలా ఉందంటే తల వంచుకుంటున్నారు గానీ ఒక్క మాటా చెప్పరు. ఏమైందక్కడ?"

టీచర్ చుట్టూ చూసింది. పొద్దున్నుంచి దొరికినవాళ్ళందరినీ తిట్టింది, ఇప్పుడు తిట్టాల్సింది తననే.

"వింటున్నారా టీచర్ గారూ? పాప మంచం పట్టిన దగ్గర్నుంచి, డాక్టరు గారు నిద్రమాత్ర ఇచ్చినా సరే, కూర్చున్నచోట ఒక్క క్షణం రెప్ప వాల్చని మనిషండీ ఆయన."